మొదటి కార్డు

దసరా మర్నాడు పొద్దున ఉప్పల్‌లో సగం షట్టర్లు ఇంకా లేవలేదు. లేచిన షాపుల ముందు పగిలిన గుమ్మడికాయ ముక్కలు, కుంకుమ నీళ్లు, బండ్ల కింద నలిగిన బంతిపూలు. నాచారం వైపు పోయే రోడ్డులో గిరిప్రసాద్ డీటీపీ షాపును మాత్రం కీర్తన తొందరగానే తెరిచింది. మామ వచ్చేలోగా ఊడ్చి, దీపం పెట్టి, కంప్యూటర్ ఆన్ చేసి ఉంచడం ఆమె పని.

కీర్తన గిరిప్రసాద్‌కు అక్క కూతురు. పదో తరగతి దాకా ఊళ్లోనే చదివి, ఇంటర్ కోసం నాచారంలో మేనమామ ఇంటికి వచ్చింది. కాలేజీకి సెలవులు వస్తే షాపులో కూర్చుంటుంది. తెలుగు టైపింగ్‌లో ఆ పిల్ల వేళ్లు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వచ్చిన చిక్కల్లా నోటితోనే. కొత్తవాళ్ల ముందు మాట గొంతు దాకా వస్తుంది, అక్కడే కూర్చుంటుంది, ఎంత బతిమాలినా బయటికి రాదు.

ఆ షాపు కంప్యూటర్ చాలా పాతది. అందులో ఉన్న విండోస్‌ను అందరూ ఏనాడో వదిలేశారు. గిరిప్రసాద్ వదలలేదు, వదలలేడు. ఆయన కొన్న తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ దాంట్లో తప్ప ఎక్కడా పనిచేయదు. అదే పేజీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క షాపుకు పోతే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడి, ఎవరో రాళ్లు విసిరినట్టు కనిపిస్తుంది. దానికి జోడీగా అంతే పాత లేజర్ ప్రింటర్. అందులో కాగితం బోర్లా వచ్చి పడుతుంది. చేత్తో తిప్పి చూస్తే గానీ ఏం ముద్రపడిందో తెలియదు.

ముందు రోజు ఆయుధపూజ. డీటీపీ షాపులో ఆయుధాలంటే ఇవే కదా. కీర్తన వైర్లన్నీ పీకి, కంప్యూటర్ డబ్బాను, ప్రింటర్‌ను తడిబట్టతో తుడిచింది. గిరిప్రసాద్ భార్య ఉమ పసుపు కలిపి అన్నింటికీ బొట్లు పెట్టింది. ఉమకు భక్తి ఎక్కువ. ముందు వైపు పెట్టి ఊరుకోకుండా డబ్బా వెనక్కి కూడా తిప్పి, అక్కడ ఇంత పసుపు పూసింది. తర్వాత కీర్తన వైర్లు పెడుతుంటే, ప్రింటర్ వైరు పెట్టే చోట పసుపు తడితడిగా ఉంది. తడిలో పెడితే షాక్ కొడుతుందేమోనని ఆ పిల్ల పక్కనున్న ఖాళీ చోట పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయి, వైరు సుబ్బరంగా దిగింది. అంతటితో ఆ సంగతి మరిచిపోయింది.

పొద్దున మొదట వచ్చిన మనిషి గౌతమ్. మల్కాజిగిరిలో ఉంటాడు. గడ్డం మాసి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి.

"చెల్లె, మా నాయిన పోయిండు. దశదినకర్మ కార్డులు గావాలె" అని ఫోన్‌లో ఫోటో చూపించాడు. తెల్లటి మీసాల పెద్దమనిషి, భుజాన తువ్వాల, ఎవరో నవ్వించినట్టు ఒక పక్కకు నవ్వుతున్నాడు. పేరు మొగిలయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

కీర్తన ఫోటోను గుండ్రటి చట్రంలో కూర్చి, చుట్టూ దండ బొమ్మ పెట్టి, కింద ఊరూ పేర్లూ కొట్టింది. గౌతమ్ ఒక్కో పేరు చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. ఆ పిల్ల తొందరపెట్టకుండా కాచుకునేది. అంతా అయ్యాక ప్రింట్ నొక్కింది.

ప్రింటర్ కదల్లేదు.

మళ్లీ నొక్కింది. గౌతమ్ ప్రింటర్ వైపే చూస్తున్నాడు. "నడుస్తలేదు అన్నా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటే రాలేదు. మాట రాని కొద్దీ చెయ్యి నొక్కుతూనే పోయింది. ఏదో పని జరుగుతున్నట్టు కనిపించాలి కదా. మామ స్కూటర్ చప్పుడు వినిపించేదాకా అట్లా ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకే తెలియదు.

"ఏందే, కొత్త పెండ్లికూతురు లెక్క మూతి ముడుసుకున్నదా ప్రింటరు?" అంటూ వచ్చాడు గిరిప్రసాద్. గౌతమ్‌ను చూసి నవ్వు ఆపుకున్నాడు. విషయం విని అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఫికర్ జెయ్యకు తమ్ముడా. జర పగటేల దాటినంక రా. నీ కార్డులు తయారుగ ఉంటయి."

గౌతమ్ వెళ్లాక మొదలైంది అసలు అవస్థ. గిరిప్రసాద్ ప్రింటర్ ఆపి మళ్లీ వేశాడు. కంప్యూటర్ ఆపి వేశాడు. ప్రింటర్ పేరు మసక రంగులో, పక్కన 'ఆఫ్‌లైన్' అని చూపిస్తోంది. పైగా తెర మూలన ఒక కిటికీ తెరుచుకుని, కొత్త పరికరం ఏదో దొరికింది, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, ఉన్న సీడీ పెట్టమంటోంది.

"కొత్తదెక్కడిదే? గీ ప్రింటర్ వచ్చినప్పుడు నువ్వు పాలు తాగుతున్నవ్" అని తల గోక్కున్నాడు గిరిప్రసాద్. సెల్‌ఫోన్‌లో ఆ కంపెనీ సైటు చూశాడు. కొత్త విండోస్‌లన్నింటికీ డ్రైవర్ ఉంది. వీళ్ల పాత దానికి మాత్రం ఇక ఇవ్వడం లేదని రాసి ఉంది. డ్రాయర్లన్నీ కుమ్మరించాడు. సీడీ లేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"సీడీనా?" అంది ఉమ అవతల నుంచి. "వెండిలెక్క మెరిసేటియి? పావురాలు ఆగం జేస్తున్నయని బాల్కనీల కట్టలేదా!"

"నా డ్రైవర్ సీడీని పావురాలకు గట్టినవా!"

"మీరే గదా పనికిరానియి అన్నరు."

"అన్ని సీడీలు గాదే నేనన్నది..."

ఉమ ఆటోలో పరుగున తెచ్చింది. సీడీ నడిమి రంధ్రంలో సుతిలి తాడు ఇంకా వేలాడుతోంది. ఎండకు ఒక పక్క తెల్లబారింది. పావురాలు దాన్ని చూసి భయపడ్డట్టు కూడా లేవు, గుర్తులు మిగిల్చి పోయాయి. గిరిప్రసాద్ కడిగి, తుడిచి, లోపల పెట్టాడు. డబ్బా గుర్రుగుర్రుమని కాసేపు తిప్పి, మూలిగి, ఆగిపోయింది.

"ప్రింటర్‌ను లిస్టుల నుంచి తీసేసి మల్ల ఎక్కియ్యరాదా?" అంది ఉమ.

"తీసేస్తే మల్ల ఎక్కడికెంచి ఎక్కుతదే? ఉన్న డ్రైవర్ గదొక్కటే. దాన్ని ఎవ్వలు ముట్టద్దు" అన్నాడాయన.

కీర్తన మూలన నిలబడి వింటోంది. వైరు సంగతి ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. చెప్పాలనుకుంది. చెబితే పసుపు మాట చెప్పాలి. పసుపు మాట చెబితే అత్త ఎదురుగానే ఉంది. వైరుకూ డ్రైవర్‌కూ సంబంధం ఉంటుందని కూడా ఆమెకు గట్టి నమ్మకం లేదు. నోరు తెరిచి, దాహమైనట్టు నీళ్లు తాగింది.

సరిగ్గా అప్పుడే షాపు ముందు కారు ఆగింది. దిగినవాళ్లు స్వర్ణలత, ఆవిడ భర్త జనార్ధనరావు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు. వాళ్లమ్మాయి బిందుమాధవి పెళ్లి కార్డులు ఇవాళే తీయాలి. స్వర్ణలత చేతిలో పళ్లెం ఉంది. అందులో పసుపు, కుంకుమ, అక్షింతలు.

ఈ పెళ్లి ఒకసారి ఆగిపోయిన పెళ్లి. లగ్నపత్రిక రాసుకున్నాక పెళ్లికొడుకు నాయనమ్మ పోయింది. ముహూర్తం వాయిదా పడింది. పిల్ల అడుగు మంచిది కాదని అటువైపు వాళ్లెవరో అన్నారట. ఆ మాట తిరిగి తిరిగి స్వర్ణలత చెవిన పడింది. అప్పటినుంచి ఆవిడకు పిల్లి కనిపించినా భయమే, ఎవరైనా తుమ్మినా భయమే. అందుకే ఈసారి మొదటి కార్డు ఎవరి చేతులూ మారకుండా, మిషన్‌లోంచి రాగానే తన చేత్తో అందుకుని, నాలుగు మూలలా పసుపు రాసి, తిన్నగా దేవుడి దగ్గర పెట్టాలని పట్టుపట్టింది. ఈ సంగతంతా కార్డు మ్యాటర్ రాయించిన రోజే చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. టైప్ చేసింది కీర్తనే.

"వర్జ్యం వచ్చేస్తుందండీ గిరిప్రసాద్ గారూ. ఈలోగా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తీసి ఇచ్చేయండి. మిగతావి మీ తీరుబడి" అంది స్వర్ణలత.

పాడైందని చెప్పడానికి గిరిప్రసాద్‌కు నోరు రాలేదు. "వేడెక్కుతున్నది మేడమ్. చలికాలం వస్తున్నది గదా, పొద్దున జర టైం దీస్కుంటది" అన్నాడు. బంగారు అంచున్న కార్డులు, పైన వినాయకుడి బొమ్మ ఉన్నవి, తీసి ప్రింటర్ ట్రేలో పెట్టాడు. పెళ్లి కార్డు పేజీ తెరిచి ప్రింట్ కూడా కొట్టాడు. ఏమీ రాలేదు. జనార్ధనరావు తలుపు దగ్గర నిలబడి, అంతా అర్థమైనట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు.

గిరిప్రసాద్ ఆఖరి ఆశగా నరసింహమూర్తికి ఫోన్ చేశాడు. ఆ కంప్యూటర్ బిగించిన పెద్దమనిషి ఆయనే. ఏఎస్ రావు నగర్‌లో ఉంటాడు. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

సంగతి సగం వినకుండానే అవతలి గొంతు అడిగింది. "నిన్న పూజ చేశారా?"

"చేసినం సార్."

"వైర్లు పీకి కడిగారా?"

"తుడిచినం సార్."

"ఏటా ఇదే గోల నాకు! దసరా మర్నాడు కాఫీ తాగనివ్వరు కదయ్యా. మీ డ్రైవర్‌కి ఏమీ కాలేదు. అది ఎప్పుడూ ఏ రంధ్రంలో ఉండేదో ఆ రంధ్రంలోనే ప్రింటర్‌ని గుర్తుపడుతుంది. పక్కదాంట్లో పెడితే కొత్త మిషను వచ్చిందనుకుంటుంది. వైరు పెట్టిందెవరో వాళ్లని అడుగు, పాతచోటు చూపిస్తారు."

అందరూ కీర్తన వైపు తిరిగారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. పసుపు అంటిన చోటు వేలితో చూపించింది.

"గీ ముచ్చట పొద్దుగాలే జెప్తే నీ ముల్లేం బోయేదే?" అన్నాడు గిరిప్రసాద్. కోపం కంటే సంతోషమే ఎక్కువుంది ఆ మాటలో. ఉమ పసుపు చూసి నాలుక కరుచుకుంది. గిరిప్రసాద్ బల్ల కిందికి వంగి, రంధ్రాన్ని పొడి బ్రష్షుతో దులపడం మొదలుపెట్టాడు. స్వర్ణలత పళ్లెం బల్లమీద పెట్టి, వేళ్లకు పసుపు అద్దుకుని, ప్రింటర్ ముందు రెండు చేతులూ చాపి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఏదో స్తోత్రం చదువుకుంటోంది.

కీర్తన కుర్చీలో కూర్చుని తెరవైపు చూసింది. అప్పుడు తట్టింది.

పొద్దున నొక్కినవన్నీ ఏమయ్యాయి?

పోవు. అవెక్కడికీ పోవు. ప్రింటర్ పలికేదాకా లోపల లైన్ కట్టి నిలబడి ఉంటాయి. కంప్యూటర్ ఆపి వేసినా నిలబడే ఉంటాయి. మామ కొట్టిన పెళ్లి కార్డు అన్నిటికంటే చివర ఉంది. దాని ముందు వరుసగా మొగిలయ్య, మొగిలయ్య, మొగిలయ్య. ట్రేలో ఉన్నవేమో బంగారు అంచు కార్డులు.

"మామా" అంది. అన్నాననుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

బల్ల కింద వైరు టక్కున దిగింది. ప్రింటర్ పచ్చలైటు వెలిగింది. గుయ్యిమని తిరిగింది.

"వచ్చె! వచ్చె!" అని కింది నుంచి గిరిప్రసాద్ అరిచాడు.

కార్డు కొస బయటికి వచ్చింది. బోర్లా వస్తోంది. స్వర్ణలత చేతులు ముందుకు జరిగాయి. ఆ చేతులకంటే ముందు కీర్తన చెయ్యి పోయింది. ఇంకా సగం లోపలే ఉన్న కార్డును పట్టి లాగింది, పిడికిట్లో నలిపేసింది. రెండో చేత్తో గోడకున్న ప్లగ్గు పీకేసింది. ప్రింటర్ ఊపిరి వదిలినట్టు ఆగిపోయింది.

"ఏంటే... ఏం చేశావే?" అంది స్వర్ణలత. "మొదటి కార్డు! నా పిల్ల పెళ్లి మొదటి కార్డు నలిపేస్తావా? నీకేం అన్యాయం చేశామే?"

"దయ్యం వట్టిందా నీకు!" అంటూ గిరిప్రసాద్ బల్ల కింది నుంచి లేస్తూ తల కొట్టుకున్నాడు.

"మరక వడ్డది" అంది కీర్తన. ఆ రోజు పరాయివాళ్ల ముందు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. అదీ అబద్ధం.

"మరకే పడనీ. ఏదీ, ఇలా చూపించు. నా కూతురి కార్డు నేను చూడకూడదా?"

కీర్తన తల అడ్డంగా ఊపింది. పిడికిలి వెనక దాచుకుంది. ఏడుపు వస్తోంది కానీ ఏడిస్తే చెయ్యి వదులవుతుందేమోనని అది కూడా ఆపుకుంది. స్వర్ణలత ముందుకు వచ్చింది. అప్పుడు జనార్ధనరావు తలుపు దగ్గర్నుంచి వచ్చి ఇద్దరి మధ్య నిలబడ్డాడు. భార్యకు వీపు పెట్టాడు.

"నాకు చూపించమ్మా."

ఆయన మొహం వైపు చూసి, కీర్తన పిడికిలి కొంచెమే తెరిచింది. వినాయకుడి పక్కన దండ బొమ్మ సగం, తెల్లటి మీసం ఒక కొస. జనార్ధనరావు చూపు అక్కడే ఆగింది. తర్వాత తన చేత్తో ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే మూసేశాడు.

"మరకే" అన్నాడు వెనక్కి తిరిగి. "నల్లపొడి అంతా ఒలికిపోయింది స్వర్ణా. నువ్వు పట్టుకుని ఉంటే చీర పాడయ్యేది."

స్వర్ణలత భర్త ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఎప్పుడు నిజం చెబుతుందో, ఎప్పుడు చెప్పదో ఆవిడకు తెలియనిది కాదు. ఏదో అడగబోయి మానేసింది. బల్లమీద పళ్లెం సర్దుతుంటే చేయి తగిలి అక్షింతలు కొన్ని కింద పడ్డాయి. ఆవిడ వాటిని ఏరలేదు.

"ఆ పిల్ల చెయ్యి తగలకుండా తీయండి" అంది గిరిప్రసాద్‌తో. "బయటికి పంపండి."

గిరిప్రసాద్ అప్పటికి తెరమీద వరుస చూశాడు. ఒకే పేరు, ఒకదాని కింద ఒకటి. మెల్లగా ఒక్కొక్కటే తుడిచేశాడు. "నువ్వు జరంత సేపు బయట నిలవడు బిడ్డా" అన్నాడు. బిడ్డా అని ఆయన పిలవడం ఎప్పుడో కానీ జరగదు.

కీర్తన బయట జిరాక్స్ బోర్డు పక్కన నిలబడింది. లోపల ప్రింటర్ గుయ్యిమంది. స్వర్ణలత కార్డు పైకి చదువుతోంది. మొదట మెల్లగా, కూతురి పేరు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా. కాసేపటికి కార్డును పళ్లెంలో పెట్టుకుని, కొంగు కప్పుకుని బయటికి వచ్చింది. కీర్తన పక్కనుంచే నడిచింది కానీ ఆ వైపు చూడలేదు.

జనార్ధనరావు మెట్టు దగ్గర ఆగాడు.

"ఎవరమ్మా ఆయన?"

"మొగిలయ్య తాత. మల్కాజిగిరి. రైల్వేల చేసిండంట."

ఆయన తల ఊపాడు. ఇంకేదో అడుగుతాడనుకుంది. కారు హారన్ మోగింది. వెళ్లిపోయాడు.

ఉమ నాచారం పోతూ పోతూ కీర్తన తల నిమిరింది. గిరిప్రసాద్ టీ తెప్పించాడు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. "గా మాట ముందుగాల నోటితోని జెప్తే..." అని మొదలుపెట్టి, "నాకు గూడ యాదికి రాలే" అని తనే ముగించాడు. కీర్తన టీ గ్లాసు పక్కన పెట్టింది. స్వర్ణలత రాత్రంతా ఆలోచిస్తుంది, కూతురికి ఏం జరుగుతుందోనని భయపడుతుంది అనుకుంది. చూపిస్తే భయపడేది, చూపించకపోయినా భయపడుతోంది. ఏం చేసినట్టు మరి తను?

నలిగిన కార్డు ఇంకా చేతిలోనే ఉంది. బల్లమీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. పెద్దాయన ముఖంమీదుగా మడత పడింది. ఆ పక్కకు నవ్విన నవ్వు మాత్రం అట్లాగే ఉంది. చెత్తబుట్టలో వేయబోయి వేయలేకపోయింది.

ఎండ తగ్గాక గౌతమ్ వచ్చాడు. కీర్తన ట్రేలో తెల్లకార్డులు పెట్టి ప్రింట్ నొక్కింది. ఒక్కసారే. కార్డు బోర్లా వచ్చి పడింది. పొద్దున స్వర్ణలత చాపినట్టే రెండు చేతులూ చాపి దాన్ని తీసుకుంది. తిప్పి చూసింది. గౌతమ్‌కు అందించింది. మిగతావన్నీ వచ్చేదాకా నిలబడి, కట్టలు కట్టింది. ఆయన బయలుదేరబోతుంటే గొంతులోని మాట ఈసారి ఎలాగో బయటికి వచ్చింది.

"అన్నా. మీ నాయిన కార్డు ఒకటి నా చేతుల నలిగింది. పెండ్లి కార్డు మీద వడ్డది. నేనే నలిపిన."

గిరిప్రసాద్ ఉలిక్కిపడి తలెత్తాడు. గౌతమ్‌కు అర్థం కాలేదు. "యాడుంది?" అన్నాడు. కీర్తన ఇచ్చింది.

ఆయన బంగారు అంచు చూశాడు, వినాయకుణ్ణి చూశాడు, కింద నాన్నను చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా నాయిన పెండ్లికి కార్డులే కొట్టియ్యలేదంట" అన్నాడు చివరికి. "అమ్మ ఎప్పుడూ దెప్పుతుండేది."

నవ్వబోయాడు, నవ్వు సగంలోనే విరిగింది. కార్డును మడత మీదనే మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, కట్టలు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.